ఒక్క హకారం జారితే

రేడియో “మొలోహి” అంది. మాకు “మొలోయి” అని వినిపించింది.

తేడా అంతే. మొలోహి అంటే అల్లిక పని తెలిసిన మనిషి. మొలోయి అంటే మంత్రగత్తె. రెండింటికీ మధ్య ఉన్నది ఒక్క హకారం, అదీ మా కొండగాలికి నిలవని పిసరంత ఊపిరి. ఆ హకారం జారిపోయింది, ఊళ్ళో హాహాకారం మిగిలింది. మా ఊరి పేరు హా మొఫోకా. పేరుకు ముందు ఒక ‘హా’ గడపలో కుక్కలా కూర్చునే ఉంది. వీధి వైపు హకారాన్ని కాపలా పెట్టుకుని పెరటి వైపు పోగొట్టుకున్న ఊరు లెసోతో కొండల్లో మాదొక్కటే అయివుంటుంది.

శాలువాలు అల్లే మాకరాబో గుమ్మానికి అడ్డంగా బూడిద గీత గీసి, వెనక్కి తిరిగి చూడకుండా మేమంతా వచ్చేసిన చోట కిందటి వారం కథ ఆగింది. ఆ గీతకి ఇవాళ్టికి తొమ్మిది రోజులు.

మంత్రగత్తె కోసం ఊరు ముందే సిద్ధంగా ఉంది. అంగోరా మేకల బొచ్చు కత్తిరించిన మూడో రోజే మంచువాన పడి పద్నాలుగు మేకలు కొండ మీద బిగుసుకుపోయాయి. ఒంటి మీద బొచ్చు లేని మేకకి చలి చాలు, మంత్రం అక్కర్లేదు. కానీ చలిని పట్టుకొచ్చి నిలదీయలేం కదా. సరిగ్గా అప్పుడే జిల్లా రేడియోలో ఒకావిడ అంది: “హా మొఫోకా అనే కొండ ఊళ్ళో ఒక మొలోహి ఉంది. కళ్ళు మూసుకున్నా ఆ చెయ్యి ఆగదు. మేక ఒంటి మీద ఉన్నది ఆమె ఒళ్ళోకి వచ్చేసరికి ఇంకొకటైపోతుంది. ఆమె పేరు...” ఇక అక్కడి నుంచి గరగర. మాది కొండల మధ్య లోయలో ఊరు. రేడియోకి ఎప్పుడూ జలుబే.

పేరు వినపడలేదు. వినపడక్కర్లేదు అనుకున్నాం. ఒంటరిగా కూర్చుని, మేక బొచ్చు ఒళ్ళో వేసుకుని, పెదాలు కదిలిస్తూ ఏదో గొణిగే మనిషి ఊళ్ళో ఒకతే, మాకరాబో. మా భాషలో ‘మా’ అంటే తల్లి, కరాబో అంటే జవాబు. ఆ జవాబు తల్లి పేరుని మేం ఒక్క సాయంత్రంలో ఖరాబు చేశాం.

ఆమె గొణిగేది లెక్క. నాయకురాలి పట్టాభిషేకం ఈ శనివారం. భర్త పోయాక మాఖోలు అమ్మగారు ఊరి పెత్తనం చేపడుతున్నారు. ఆ రోజు ఆమె భుజాల మీద కప్పే శాలువాని మొహైర్ దారంతో అల్లడం మొదలుపెట్టింది మాకరాబో. అంగోరా మేక పిల్ల తొలి బొచ్చుతో వడికిన దారం అది. బారెడు శాలువా అరచేతిలో పెట్టినా బరువు తెలియదు, వెచ్చదనం తెలుస్తుంది. బండ నాచుతో వేసిన కాషాయం, ఉల్లిపొట్టు పసుపు, ఆకాశం నీలం, పొయ్యి నలుపు. ఆ రంగుల్లో ఆమె దింపుతున్నది వాళ్ళమ్మ తన ఇంటి మట్టిగోడ మీద వేళ్ళతో గీసిన ముగ్గు. ఆ గోడ వానకి కరిగి ఇరవై ఏళ్ళయింది. ముగ్గు ఇప్పుడు మాకరాబో తలలో తప్ప ఎక్కడా లేదు.

ఈ అల్లికలో చేతిలో ఒకసారికి ఒకే రంగు ఉంటుంది. రెండో రంగు కావలసిన చోట కొత్త కుట్టు వెయ్యరు. కింది వరసలోని కుట్టుని అలాగే సూది మీదికి జార్చుకుని ముందుకు పోతారు. పాత రంగు పైకి తొంగి చూస్తుంది, రాళ్ళు పొదిగినట్టు ముగ్గు తేలుతుంది. ఏది అల్లాలి, ఏది జార్చాలి అన్నదే విద్య. ఒక్క కుట్టు తప్పితే ముగ్గు అక్కడి నుంచి కుంటుతుంది. విప్పి మళ్ళీ అల్లుదామంటే మొహైర్ ఒప్పుకోదు. దాని నూగు ఒకదాన్నొకటి పట్టుకుని వదలదు. అందుకే మాకరాబో పెదాలు “మూడు అల్లు, ఒకటి జార్చు, ఒకటి అల్లు, ఒకటి జార్చు” అంటూ కదులుతూనే ఉంటాయి.

అల్లిన చేతులే శాలువా కప్పాలని మా ఊరి ఆనవాయితీ. ఆ చేతుల మనిషిని పేరు పెట్టి పిలిచే పని నాది. నేను ఊరి చాటింపు మనిషిని. గుట్టెక్కి అరవడం నా ఉద్యోగం, ఊరంతా నన్ను ‘నోరు’ అంటారు. రేడియో మాట విన్న సాయంత్రం ఆ నోరు ఊరుకోలేదు. “ఇన్నాళ్ళూ చేతిపని అనుకున్నాం, ఇది చేతబడి” అన్నాను. అందరూ నవ్వారు. నవ్విన మాట ఏడ్చిన మాటకన్నా తొందరగా ఇల్లిల్లూ తిరుగుతుంది. తెల్లారేసరికి బూడిద గీత పడింది. శాలువాని పుల్లతో ఎత్తి, గోనెసంచిలో వేసి, బొచ్చు కత్తిరించే షెడ్డులో పెట్టాం. ఆ తరవాత ఎవరూ ఆమెని పలకరించలేదు, ఆమె బిందె పక్కన బిందె పెట్టలేదు.

ఒక్క మనిషి తప్ప. మాత్సెపో.

త్సెపో అంటే నమ్మకం. నమ్మకం తల్లి. మాకరాబో భర్త గనిలో పోయినప్పుడు ఆమె తల గొరిగి, నెల రోజులు తోడు పడుకున్న మనిషి. ఇరవయ్యారేళ్ళ స్నేహం. తొమ్మిది సాయంత్రాలూ బూడిద గీత దాటి లోపలికి వెళ్ళింది. మొక్కజొన్న ముద్ద, ఆకుకూర పట్టుకెళ్ళేది.

“తిను అక్కా. నువ్వు ఏం కాదో నాకు తెలుసు.”

“శాలువా ఏం చేశారే?”

“షెడ్డులో ఉంది. నీ పేరు నిలబెట్టాలంటే అది ఆగకూడదు. లెక్క చెప్పు, రేపు నేను నాలుగు వరసలు వేస్తాను.”

మాకరాబో చెప్పేది. కళ్ళు మూసుకుని, గోడని తలుచుకుని, చెప్పేది. ఊరంతా వదిలేస్తే తన చేతిని కూడా మోస్తున్న మనిషి అనుకుంది. నిన్న సాయంత్రం చివరి భాగం, ఇంకా అల్లని నాలుగు వేళ్ళ మేర లెక్క చెబుతుండగా ఆమె గొంతు పట్టేసింది. ఇన్నాళ్ళూ ఎవరి ముందూ కన్నీళ్ళు పెట్టని మనిషి. ఆ మాటే అనబోతే సగం బయటికొచ్చి సగం లోపలే ఉండిపోయింది. కాసేపాగి మిగతా లెక్క పూర్తిచేసింది. ఇదంతా తరవాత ఆమె చెబితే తెలిసింది. అప్పటికి మాకు తెలిసిందల్లా, మర్నాడు పొద్దున నేను గుట్టెక్కి “పిత్సో, పిత్సో, అందరూ రండి” అని అరవాలి. తీర్పు చెప్పే ఊరిసభ.

రాతి దొడ్డి ముందు, పీచ్ చెట్టు కింద నాయకురాలు కుర్చీలో కూర్చున్నారు. మగవాళ్ళు రాళ్ళ మీద, ఆడవాళ్ళు కంబళ్ళు కప్పుకుని నేల మీద. మాకరాబో ఎదురుగా, ఒంటరిగా. కాదు, మాత్సెపో ఆమె చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుంది. ఆ చెయ్యి చూసి మాలో కొందరికి సిగ్గేసింది. నాకూ కొంచెం.

“మొలోయి అని తేలితే ఏమవుతుందో అందరికీ తెలుసు,” అన్నారు నాయకురాలు. “తలుపుకి తాళం వేసి ఊరు దాటాలి. మళ్ళీ రాకూడదు. అందుకని నోరు తెరిచేముందు ఆలోచించుకోండి. ముందెవరు?”

రామొసో లేచాడు. చచ్చిన మేకల్లో తొమ్మిది అతనివే.

“నా మేకల్ని ఈవిడే చంపింది అమ్మా.”

“బొచ్చు కత్తిరించి వానలో కొండ మీద వదిలిందెవరు?”

“నేనే. కానీ వానని పిలిచింది ఈవిడ.”

“మనం సభలో మంచిమాట వింటే ఏమని అరుస్తాం రామొసో?”

“పులా అంటాం.”

“పులా అంటే?”

“వాన,” అన్నాడు రామొసో, గొంతు తగ్గించి.

“వానని పిలవడం నేరమైతే ముందు నిన్ను పంపించాలి. నీ గొంతే అందరికన్నా పెద్దది. కూర్చో. తరవాత?”

బావి దగ్గరింటి ముసలావిడ లేచింది. “దారం గాల్లో నిలబడింది అమ్మా. ఈవిడ చెయ్యి వదిలేసింది, అయినా నిలబడింది. నా రెండు కళ్ళతో చూశాను.”

“నీకు చూసేది ఒక్క కన్నే కదా పిన్నీ,” అన్నారెవరో వెనక నుంచి.

“ఆ ఒక్కదాంతోనే రెండుసార్లు చూశాను, నీకేం?”

ఆవిడ కోడలు అందుకుంది. “లెక్కలు వేస్తుంది అమ్మా. మూడు, ఒకటి, ఒకటి, మూడు అంటుంది. మా ఇంట్లో ముగ్గురు పిల్లలు, ఒక మొగుడు, ఒక అత్త. సరిగ్గా సరిపోయింది.”

“చివరి మూడు?”

కోడలు వేళ్ళు మడిచింది. “కోళ్ళు,” అంది.

నవ్వొచ్చింది అందరికీ. కానీ నవ్వుతూనే తలలూపాం. దారం తప్ప ఆధారం లేదు, అయినా ఆ దారంతోనే ఉరి పేనేశాం. అసలు భయం మేకల గురించి కూడా కాదు. ఆమె మా అందరి పురుళ్ళకీ చావులకీ వచ్చిన మనిషి, మా ఇళ్ళలో ఏ మూల ఏముందో తెలిసిన మనిషి. అలాంటివాళ్ళ మీద అనుమానం వస్తే వదిలించుకోవడం కష్టం.

నాయకురాలు మాకరాబో వైపు తిరిగారు. “నువ్వేమంటావు?”

జవాబు తల్లి జవాబు చెప్పలేదు. తొమ్మిది రోజులుగా ఆమె నోటి నుంచి ఊరికి ఒక్క మాట రాలేదు. తల దించుకుని నేల మీద వేలితో చిన్న చిన్న గళ్ళు గీస్తోంది.

“ఈమె తరఫున మాట్లాడేవాళ్ళున్నారా?”

అందరం మాత్సెపో వైపు చూశాం. ఆమె చాలాసేపు కంబళి అంచు సర్దుకుంది.

“నేనేం చెప్పగలను అమ్మా,” అంది. “నా కళ్ళతో చెడ్డ పనేదీ చూడలేదు. లెక్కపెట్టడం మాత్రం విన్నాను.”

నేల మీద గళ్ళు గీస్తున్న వేలు ఆగింది. అయినా మాకరాబో రెండో చేతిని ఆమె చేతిలోంచి తీసుకోలేదు. భయపడి అలా అనివుంటుందిలే అనుకుందేమో.

నాయకురాలు నిట్టూర్చి ఏదో చెప్పబోతుండగా పొట్టి గుర్రం మీద లెబూసా పెద్దాయన దిగాడు. ఎత్తు మీది మేకల మకాం దగ్గర పదిరోజుల నుంచి ఉంటున్నాడు. ఊళ్ళో సంగతులేవీ తెలియవు. దొడ్డి ముందు ఇంతమందిని చూసి టోపీ తీశాడు.

“ఎవరు పోయారు రా నోరూ?”

“ఎవరూ పోలేదు తాతా. పంపిస్తున్నాం.”

నేనే సంగతంతా చెప్పాను. వింటూ వింటూ ఆయన నుదురు ముడతలు పడింది.

“ఆ మంగళవారం సాయంత్రం రేడియోనా? నా దగ్గరుంది.”

“ఏముంది?”

“ఆ కార్యక్రమమంతా. ఫోన్లో పట్టుకున్నాను. పైన మకాం దగ్గర రేడియో గంటలా మోగుతుంది.” లెబూసా చెవులు ఎర్రబడ్డాయి. “పెళ్ళై నలభై ఏళ్ళయిందని మా ఆవిడ పేరు మీద ఒక పాట వెయ్యమని కబురంపాను. వేస్తారో లేదో అని పట్టుకున్నాను.”

ఆడవాళ్ళ వరసలో లెబూసా భార్య కంబళి తల మీదికి లాక్కుంది.

ఆయన ఫోన్ రాయి మీద పెట్టాడు. దాని స్పీకరు ఎప్పుడో చిరిగింది. ముందు లెబూసా కోరిన పాట వచ్చింది. తీర్పుకి కూర్చున్న నాయకురాలితో సహా అందరం ఆ పాట మొత్తం వినాల్సొచ్చింది, ఎందుకంటే ముందుకు జరపడం ఆయనకి రాదు. తరవాత ఆ రేడియో ఆవిడ గొంతు.

“హా మొఫోకా అనే కొండ ఊళ్ళో ఒక మొలో...యి ఉంది.”

ఊపిరంత హకారం చిరిగిన స్పీకర్లో మళ్ళీ జారింది. “అదుగో, విన్నారా?” అన్నాడు రామొసో. మిగతా మాటలన్నీ వచ్చాయి. కళ్ళు మూసుకున్నా ఆగని చెయ్యి. మేక ఒంటి మీద ఉన్నది. అప్పుడు, గరగర లేకుండా, రాయి మీద రాయి పెట్టినంత స్పష్టంగా:

“ఆమె పేరు మాత్సెపో. వచ్చే వారం శనివారం ఆమె తన చేతులతో అల్లిన శాలువా...”

ఫోన్ ఇంకా ఏదో చెబుతోంది. ఎవరూ వినలేదు.

ముందు కదిలింది బావి దగ్గరింటి ముసలావిడ. మాత్సెపో పక్క నుంచి పిల్లల్ని లాక్కుంది. తరవాత ఆడవాళ్ళ వరస మొత్తం, చాప చుట్టుకున్నట్టు, ఒక పక్కకి చుట్టుకుపోయింది. “రోజూ ఆ ఇంటికి వెళ్ళింది ఈవిడే,” అన్నారొకరు. “ముద్దలో ఏం కలిపిందో,” అన్నారింకొకరు. ఒక మట్టిపెళ్ళ ఎగిరొచ్చి మాత్సెపో మోకాలి దగ్గర పడి పగిలింది.

రెండోది రాకముందే మాకరాబో లేచింది. మాత్సెపో ముందుకొచ్చి నిలబడి, తన కంబళి పిన్ను తీసి, రెండు చేతులా విప్పి, స్నేహితురాలిని వెనక్కి కప్పేసుకుంది. మావైపు చూస్తూ నిలబడింది. తొమ్మిది రోజులు తనకెవరూ పట్టని కంబళి అది.

ఆ కంబళి వెనక నుంచి మాత్సెపో గొంతు వచ్చింది.

“మొలోయి కాదు. మొలోహి.”

“ఏంటీ?” అన్నారు నాయకురాలు.

మాత్సెపో కంబళి తప్పించుకుని బయటికొచ్చింది. ముఖం బూడిద రంగులో ఉంది. “హి, అమ్మా. హి అంది ఆవిడ. అల్లిక మనిషి అని. మీ అందరికీ తప్పు వినపడింది. మంత్రగత్తె కాదు. ఎవరూ కాదు. ఈ ఊళ్ళో మంత్రగత్తె ఎవరూ లేరు.”

“నీకెలా తెలుసు?”

“అక్క మోకాలి నొప్పితో రాలేనంటే శాలువా చూపించడానికి జిల్లా క్యాంపులోని రేడియో వాళ్ళ దగ్గరికి నేను వెళ్ళాను కదా. ఆ రేడియో ఆవిడ నా ఎదురుగా కూర్చునే ఆ మాట అంది. ఇలా, ఊపిరి వదిలి. మొలో-హి.”

జనంలో ఒకరు నోట్లో అనుకుని చూశారు. తరవాత ఇంకొకరు. మొలోహి. మొలోహి. కాసేపట్లో ఊరంతా చలికాలం పొద్దున చేతులు కాచుకుంటున్నట్టు ఊపిరి వదులుతూ కూర్చుంది. ఫోన్ మళ్ళీ పెట్టించి, రాయి మీద చెవి ఆనించి విన్నాడు రామొసో. లేచి, “ఉంది. చిన్న హి ఉంది,” అన్నాడు, పోయిన మేక దొరికినట్టు.

ఎంత తేలికైపోయామో చెప్పలేను. తప్పు రేడియోది, లోయది, చిరిగిన స్పీకరుది. మాది కాదు. ఎవరో “పులా” అని అరిచారు. ఆ అరుపు నాదేనేమో కూడా. రెండు వందల గొంతులు “పులా” అన్నాయి. బావి దగ్గరింటి ముసలావిడ మాకరాబో కాళ్ళ మీద పడబోయింది.

నాయకురాలు మాత్రం పులా అనలేదు.

“మాత్సెపో, రేడియోలో ఆ మాట వచ్చిన సాయంత్రం నువ్వు ఊళ్ళోనే ఉన్నావు.”

“ఉన్నాను.”

“ఇందాక ఈమె తరఫున మాట్లాడమంటే, లెక్కపెట్టడం విన్నానన్నావు. హి గురించి చెప్పలేదు.”

“హి గురించి మీరెవరూ అడగలేదు కదా అమ్మా.”

“తొమ్మిది రోజులు,” అన్నారు నాయకురాలు, తనలో తాను. “సరే. ఇది చెప్పు. ఆ మొలోహి నువ్వేనా?”

అప్పుడైనా మాత్సెపో వెనక్కి తగ్గి ఉంటే సరిపోయేది. కాదమ్మా, అక్కడ నోరుజారి నా పేరు చెప్పుకున్నాను అంటే ఇరవయ్యారేళ్ళ స్నేహంలో ఒక చినుగు, అంతే. కుట్టుకోవచ్చు. మాకరాబో ఆమె ముఖంలోకే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. ఇంకా ఎదురుచూపే ఉంది.

“నేనే,” అంది మాత్సెపో.

నమ్మకంలోంచి మొదటి హల్లు జారితే మిగిలేది అమ్మకం.

“దారం అక్క వడికింది, కాదనను. పక్కన కూర్చుని సాయం చేసింది, నేర్చుకుంది. అల్లింది నేను. కావాలంటే వీళ్ళని అడగండి. ఈ తొమ్మిది రోజులూ షెడ్డులో సూది ఎవరి చేతిలో ఉంది?”

నిజమే. శనివారం దగ్గరపడుతోందని మేమూ అడ్డు చెప్పలేదు, అందరం చూశాం. ఒక్క కుట్టు తప్పకుండా అల్లింది, ముగ్గు ఎక్కడా కుంటలేదు. ఆ వరసలు ముందురోజు సాయంత్రం ఎవరి నోట్లోంచి వచ్చాయో చూసినవాళ్ళు లేరు. గీత గీసింది మేమే కదా, చూడకూడదని. తలలు ఊగాయి. ఒక్క హి తో మాకరాబోకి ఊరు తిరిగొచ్చింది. అదే హి తో చేతులు పోయాయి. శనివారం నేను గుట్టెక్కి పిలవాల్సిన పేరు మారిపోతోంది. ఆమె వాళ్ళమ్మ గోడ ఇంకొకరి గోడ అయిపోతోంది.

షెడ్డు నుంచి శాలువా తెప్పించారు. మొన్న పుల్లతో ఎత్తినవాళ్ళమే ఇప్పుడు రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాం. ఎండ పడగానే నూగంతా లేచి, కాషాయం మీద నీలం, పసుపు మీద నలుపు, గోడ గాల్లో నిలబడినట్టు నిలబడింది. చివర నాలుగు వేళ్ళ మేర ఖాళీ. సూది మీద కుట్లు ఎదురుచూస్తున్నాయి.

“ఇక్కడి దాకా ఎవరు అల్లారన్నది ఇద్దరి మాట,” అన్నారు నాయకురాలు. “ఇక్కడి నుంచి ఎవరూ అల్లలేదు. చూసి చెప్పడానికి లేదు. తలలో ఉన్న మనిషికే తెలుస్తుంది. లెక్క చెప్పు.”

మాత్సెపో కళ్ళు మూసుకుంది. అది కూడా మాకరాబో దగ్గర నేర్చుకున్నదే.

“కాషాయంతో మొదలు. మూడు అల్లు, ఒకటి జార్చు, ఒకటి అల్లు, ఒకటి జార్చు, మూడు అల్లు. తిరుగు వరస అదే. నీలం తీసుకో. ఒకటి అల్లు, ఒకటి జార్చు, అయిదు అల్లు, ఒకటి జార్చు...”

నీళ్ళు పారినట్టు చెబుతోంది. ఆడవాళ్ళు వేళ్ళతో పట్టి చూసుకుంటున్నారు. మాకరాబో మళ్ళీ నేల మీద కూర్చుంది, ఈసారి ఎవరో తోసినట్టు. తన గొంతు, తన ఆగడాలు, ఊపిరి తీసుకునే చోట్లు కూడా తనవే, వేరే నోట్లోంచి వస్తున్నాయి. తొమ్మిది ముద్దలు తిన్నది. ఒక్కో ముద్దకి ఎన్ని వరసలో ఇప్పుడు తెలుస్తోంది. ఆమె వేలు ఆ లెక్కతో పాటే మట్టిలో గళ్ళు గీసుకుంటూ పోతోంది, అలవాటు మానుకోలేక.

“పసుపు తీసుకో. మూడు అల్లు, ఒకటి జార్చు. ఏడు అల్లు, ఒకటి జార్చు. అయిదు అల్లు...”

మట్టిలో వేలు ఆగిపోయింది.

మాకరాబో తలెత్తింది. గీసిన గళ్ళ వైపు చూసుకుంది. అక్కడ ముగ్గు విరిగి ఉంది. ఆమె మెల్లగా, మోకాలి మీద చెయ్యి వేసుకుని, లేచి నిలబడింది. మాత్సెపో గొంతు తడబడి ఆగింది.

“ఆ వరస మళ్ళీ చెప్పు చెల్లీ,” అంది మాకరాబో. తొమ్మిది రోజుల తరవాత ఆమె గొంతు ఊరు వినడం అదే.

“మూడు అల్లు, ఒకటి జార్చు. ఏడు అల్లు...”

“మా అమ్మ గోడ మీద ఏడు ఎక్కడా లేదు,” అంది మాకరాబో. ఆమె మాత్సెపోతోనే మాట్లాడుతోంది, కానీ చివరి రాయి మీద కూర్చున్నవాడికి కూడా వినపడింది. “అన్నిట్లోకీ పెద్దది అయిదు. ఆ ఏడు ఎక్కడి నుంచి వచ్చిందో నీకు తెలియదు. నాకు తెలుసు. నిన్న సాయంత్రం ఆ వరస దగ్గర నా గొంతు పట్టేసింది. నీ ముందు కూడా ఏడవను అనబోయాను. సగం మాటే బయటికొచ్చింది. నువ్వు దాన్ని కూడా లెక్కలో వేసుకున్నావు.”

ఆమె శాలువా కొస చేతిలోకి తీసుకుంది.

“ఆ ఏడు నా అల్లికలోది కాదు మాత్సెపో. నా ఏడుపులోది.”